సెయింట్ ఎల్మో నుంచి టిన్‌కప్ పాస్ మీదుగా పాత గని ఊళ్ళ సమాధులు: ఒక్క రోజులో కుదురుతుందా?

గుట్టదిగువ:

అందరికీ నమస్కారం. జూలై రెండో వారంలో ఒక శనివారం కొలరాడోలో ఈ చుట్టు అనుకుంటున్నాం. బ్యూనా విస్టాలో బయల్దేరి నేథ్రాప్ దగ్గర కౌంటీ రోడ్ 162 ఎక్కడం, ఐరన్ సిటీ సమాధుల తోట, సెయింట్ ఎల్మో, టిన్‌కప్ పాస్ (కొండ కనుమ), మిర్రర్ లేక్, టిన్‌కప్‌లోని నాలుగు గుట్టల సమాధులు, టేలర్ పార్క్, చివరికి కాటన్‌వుడ్ పాస్ దిగి మళ్ళీ బ్యూనా విస్టా. వీలైతే లెడ్‌విల్‌లోని ఎవర్‌గ్రీన్ సమాధుల తోట కూడా.

బండ్లు రెండు. ఒకటి స్టాక్ (మార్పులేమీ చేయని) టయోటా 4రన్నర్ టీఆర్‌డీ ఆఫ్‌రోడ్ (అయిదో తరం, కంపెనీ టైర్లు), రెండోది సుబారు అవుట్‌బ్యాక్. మొత్తం ఏడుగురం, అందులో అరవై దాటిన పెద్దవాళ్ళు ఇద్దరు.

నాకు తేలాల్సినవి: ఎటు నుంచి ఎటు తిరగాలి, సుబారు ఆ పాస్ ఎక్కుతుందా, టైర్లలో గాలి ఎంతకు దించాలి, సమాధుల దగ్గర చేయకూడనివి ఏమిటి. అక్షరాలు చెరిగిపోయిన రాళ్ళు చదవడానికి చాక్ రుద్దుతారని విన్నాను, అది మంచిదేనా?

దుమ్ముదారి:

ముందు ఒక మాటండీ. మీరు చూడాలనుకున్న సమాధుల తోటల్లో ఏ ఒక్కదానికీ ఫోర్ వీల్ డ్రైవ్ అక్కరలేదు. ఐరన్ సిటీది సెయింట్ ఎల్మోకు కాస్త ముందే, చదును చేసిన మట్టి రోడ్డు పక్కన ఉంటుంది. టిన్‌కప్‌కు టేలర్ పార్క్ వైపు నుంచి కంకర రోడ్డుంది. ఫోర్ వీల్ కావాల్సింది ఈ రెంటినీ కలిపే ఫారెస్ట్ రోడ్ 267కు మాత్రమే. అది సుమారు 13 మైళ్ళు. ఇది తెలిస్తే సుబారు చిక్కు దానంతటదే విడిపోతుంది.

సుబారు పాస్ ఎక్కనక్కరలేదు. పొద్దున రెండు బండ్లూ కలిసి ఐరన్ సిటీ, సెయింట్ ఎల్మో చూడండి. అక్కడి నుంచి సుబారు వెనక్కి దిగి, బ్యూనా విస్టా మీదుగా కాటన్‌వుడ్ పాస్ ఎక్కి టిన్‌కప్ చేరుకుంటుంది. దూరం అటూ ఇటూ 65 మైళ్ళు, టైము రెండున్నర గంటలు. కాటన్‌వుడ్ గనిసన్ వైపు కూడా 2019లో తారు పడింది కాబట్టి టేలర్ పార్క్ నుంచి టిన్‌కప్ దాకా ఉన్న ముక్క ఒక్కటే కంకర. 4రన్నర్ పాస్ దాటి వచ్చేసరికి వాళ్ళూ వచ్చేస్తారు. పెద్దవాళ్ళను సుబారులోనే కూర్చోబెట్టండి. 267 మీద రెండు మూడు గంటలు నడుము కుదిపేస్తుంది.

అవుట్‌బ్యాక్ ఎందుకు వద్దంటున్నానంటే, 8.7 అంగుళాల గ్రౌండ్ క్లియరెన్స్ ఒక్కటే కారణం కాదు. దానికి లో రేంజ్ (నిటారు దారికి వాడే అతి నెమ్మది గేర్లు) లేదు. 12,000 అడుగుల దగ్గర టర్బో లేని ఇంజిన్ శక్తిలో మూడో వంతు పైగా పోతుంది (వెయ్యి అడుగులకు 3 శాతం చొప్పున లెక్క వేసుకోండి). నిటారు రాళ్ళ మీద నడక వేగంతో, తక్కువ శక్తితో ఎక్కించబోతే సీవీటీ (దాని ఆటోమేటిక్ గేర్‌బాక్స్) వేడెక్కి చేతులెత్తేస్తుంది. దిగేటప్పుడు ఇంజిన్ పట్టి ఉంచదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

ఇక దిశ. జూలై రెండో వారానికి మామూలుగా మంచు పోయి ఉంటుంది కాబట్టి తూర్పు నుంచి పడమటికే నా ఓటు. సెయింట్ ఎల్మో సుమారు 10,000 అడుగులు, పాస్ 12,154 అడుగులు. పొద్దున పడమటికి వెళ్తే ఎండ వీపు మీద ఉంటుంది, కళ్ళలో పడదు, ముందున్న దారి స్పష్టంగా కనిపిస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, జూలై, ఆగస్టుల్లో అక్కడ మధ్యాహ్నం ఉరుములు దాదాపు రోజూ ఉంటాయి. చెట్లు ఆగిపోయే ఎత్తు పైన పదకొండు దాటి ఉండకూడదు.

టైములు ఇలా పెట్టుకోండి. 6:30కు బ్యూనా విస్టాలో ట్యాంక్ నింపి బయల్దేరితే 7:15కు ఐరన్ సిటీ. 8:15కు సెయింట్ ఎల్మోలో గాలి దించడం. 10:00, 10:15 మధ్య పాస్ మీద, 11:00కు మిర్రర్ లేక్, పన్నెండుకు టిన్‌కప్. సెయింట్ ఎల్మోలో పెట్రోల్ దొరకదు. ఊరి బయటి నుంచి ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాపులు ముందే దించుకోండి. ఫారెస్ట్ సర్వీసు ఉచితంగా ఇచ్చే మోటారు వాహనాల మ్యాపు కూడా ఫోన్లో పెట్టుకోండి. ఏ దారి మీద బండికి అనుమతి ఉందో చెప్పేది అదే, మామూలు నావిగేషన్ మ్యాపులకు అది తెలియదు.

లెడ్‌విల్ మాత్రం ఈ రోజులో కలపకండి. బ్యూనా విస్టా నుంచి ఉత్తరానికి 35 మైళ్ళు, అంతా తారే, ఏ నెలలోనైనా వెళ్ళొచ్చు. అలసిపోయి సాయంత్రం ఐదింటికి వెళ్తే ఎవర్‌గ్రీన్‌లో చూడాల్సింది చూడలేరు.

నాలుగుచక్రాలు:

దుమ్ముదారి గారు చెప్పిన దిశ జూలై రెండో వారానికి సరే. జూన్ చివరికి మాత్రం నేను ఒప్పుకోను. మిర్రర్ లేక్ దగ్గర దారి ఒడ్డును ఒరుసుకుంటూ పోతుంది, మంచు బాగా కరిగే రోజుల్లో ఆ ముక్క నీళ్ళలో మునుగుతుంది. తూర్పు నుంచి వస్తే ఆ సంగతి పాస్ దిగాక తెలుస్తుంది. దాటలేకపోతే మళ్ళీ 12,154 అడుగులు ఎక్కి వెనక్కి పోవాలి, అదీ ఉరుముల వేళకు. మంచు ఎక్కువ పడిన ఏడాదైతే ముందు కాటన్‌వుడ్ మీదుగా వచ్చి, చెరువు చూసుకుని, ఆపైన ఎక్కడమే తెలివి. బయల్దేరే వారంలో రేంజర్ స్టేషన్‌కు ఫోన్ చేసి పాస్ తెరిచారా, చెరువు దగ్గర నీళ్ళెంత అని రెండు ప్రశ్నలూ అడగండి. మొదటిదొక్కటే అడిగి ఊరుకోవద్దు.

నీళ్ళున్నప్పుడు ఎలా దాటాలి: ముందు కర్రతో నడిచి చూడండి. మీ టైరు (265/70ఆర్17) ఎత్తు 31 అంగుళాల పైచిలుకు, అంటే చక్రం నడిబొడ్డు 15 అంగుళాల దగ్గర. నీళ్ళు అంతకు మించితే స్టాక్ బండితో దిగకండి. ఒడ్డు వైపే ఉండండి, ఫోర్ లోలో (నాలుగు చక్రాలకూ లో రేంజ్) మొదటి లేదా రెండో గేరు, నడక కంటే కాస్త ఎక్కువ వేగం, మధ్యలో ఆగొద్దు. దిగే ముందు పది నిమిషాలు బండి ఆపి ఉంచండి. పాస్ దిగివచ్చిన డిఫరెన్షియల్ (చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె) వేడిగా ఉంటుంది. మంచు నీళ్ళు తగిలితే లోపలి గాలి కుంచించుకుని, సీళ్ళ గుండా నీటిని లోపలికి లాక్కుంటుంది. ఆ వారంలో డిఫరెన్షియల్ ఆయిల్ పాలలా తెల్లగా వచ్చిందంటే కారణం ఇదే.

టైర్ల గాలి. తారు మీద 32, 33 పీఎస్ఐ ఉంటే సెయింట్ ఎల్మోలో 22కు దించండి. ఆ కంపెనీ టైర్లతో, మామూలు రిమ్ములతో 18 కంటే కిందికి పోవద్దు, పదునైన మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి జారుతుంది. గాలి దించేది పట్టు కోసమే అనుకుంటారు గానీ, ఈ దారిలో అసలు లాభం వేరు. మెత్తబడిన టైరు రాతి మొన చుట్టూ వంగుతుంది, బిగిసి ఉన్న టైరు అదే మొన మీద చీలుతుంది. ఎత్తు లెక్క కూడా గుర్తుంచుకోండి. డెన్వర్‌లో కొలిచిన గాలి పాస్ మీద దాదాపు 3 పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది, బ్యూనా విస్టాలో కొలిచింది ఒకటిన్నర ఎక్కువ. టైరులో గాలి పెరగదు, బయటి ఒత్తిడి తగ్గుతుంది. కాబట్టి డెన్వర్‌లోనే దించి రాకండి. డ్యాష్‌బోర్డు మీద టైరు దీపం వెలుగుతుంది, పట్టించుకోనక్కరలేదు. కాటన్‌వుడ్ తారు ఎక్కే ముందు కంప్రెసర్‌తో నింపండి. చిన్న కంప్రెసరైతే టైరుకు 5 నిమిషాలు పట్టొచ్చు. ఇంజిన్ ఆపి నింపితే బ్యాటరీ దిగిపోతుంది, నడుస్తూ ఉండనివ్వండి.

ఈ దారిలో ఎక్కువగా పోయేది టైరు పక్క గోడ. పక్క గోడ చీలితే ప్లగ్ కిట్టు పని చేయదు, స్టెప్నీ ఒక్కటే గతి. వెళ్ళే ముందు ఇంటి దగ్గరే బండి కింద వేలాడే స్టెప్నీని ఒకసారి దించి చూడండి. ఉప్పు రోడ్ల మీద తిరిగిన బండ్లలో ఆ గొలుసు తుప్పుపట్టి కదలదు. జాకీ కింద పెట్టడానికి అడుగు పొడవు, అడుగు వెడల్పు, రెండు అంగుళాల మందం చెక్క ఒకటి వేసుకోండి, తడి మట్టిలో కంపెనీ జాకీ కూరుకుపోతుంది.

నడపడం గురించి. సెయింట్ ఎల్మో దాటగానే ఫోర్ లో వేయండి, "ఇంకా అవసరం రాలేదు" అనుకోవద్దు. ఫోర్ హైలో నెమ్మదిగా ఎక్కిస్తే టార్క్ కన్వర్టర్ జారుతూ గేర్ ఆయిల్‌ను మరిగిస్తుంది, ఏటీ ఆయిల్ హెచ్చరిక వచ్చేది అందుకే. మీ బండిలో వెనక లాకర్ (వెనక చక్రాలు రెండూ కలిసి తిరిగేలా బిగించేది), క్రాల్ కంట్రోల్ (నెమ్మది వేగాన్ని బండే చూసుకునేది) రెండూ ఫోర్ లోలోనే పనిచేస్తాయి. పెద్ద రాయి వస్తే రెండు చక్రాల మధ్య నుంచి పోనివ్వకుండా చక్రాన్ని దాని మీదికే ఎక్కించండి. మధ్య నుంచి పోనిస్తే డిఫరెన్షియల్ బుర్ర తగులుతుంది. దిగేటప్పుడు గేర్ లివర్ ఎస్‌లో (గేరు మనమే ఎంచుకునే చోట) పెట్టి మొదటి గేరు, బ్రేకు అప్పుడప్పుడు నొక్కి వదలడమే. బ్రేకుల వాసన వస్తే చదునైన చోట ఆపి చల్లారనివ్వండి, నీళ్ళు మాత్రం చల్లకండి, డిస్కులు వంకరపోతాయి.

ఎదురు బండి వస్తే ఎక్కేవాళ్ళకే దారి. అయితే వెడల్పైన చోటు ఎవరికి దగ్గరో వాళ్ళు వెనక్కి తీయడం మర్యాద. శనివారం అంటున్నారు కాబట్టి సైడ్ బై సైడ్ బండ్లు (చిన్న ఆఫ్‌రోడ్ బండ్లు) గుంపులుగా వస్తాయి. మొదటివాడు వేళ్ళతో వెనక ఎన్ని ఉన్నాయో చూపిస్తాడు, ఆ లెక్క పూర్తయ్యేదాకా కదలకండి. దారి మీద మంచు గుట్ట అడ్డొస్తే పక్క గడ్డి మీద నుంచి చుట్టి పోవద్దు. ఆ ఎత్తులో ఒక్క టైరు గాటు పూడడానికి దశాబ్దాలు పడుతుంది, పైగా జరిమానా. వెనక్కి తిరగడమే.

పాతరాళ్ళు:

చాక్ వద్దండీ. షేవింగ్ ఫోమ్, పిండి, వైర్ బ్రష్ కూడా వద్దు. అప్పటి సమాధి రాళ్ళలో చాలా వాటికి పాలరాయే వాడారు. నూట నలభై ఏళ్ళ మంచుకు, ఎండకు దాని పై పొర పంచదారలా పొడిపొడిగా అయి ఉంటుంది, రుద్దితే అక్షరం రాలిపోతుంది. ఫోమ్‌లో ఉండే స్టియరిక్ ఆమ్లం సన్న రంధ్రాల్లోకి దిగి అక్కడే ఉండిపోతుంది, కడిగినా పోదు. కాగితం పెట్టి క్రేయాన్‌తో రుద్దడం కూడా వదిలేయండి, వదులైన రాయి ఆ ఒత్తిడికే పడిపోతుంది.

కావాల్సింది పక్క నుంచి వచ్చే వెలుతురు. ఇక్కడ దుమ్ముదారి గారి టైములు మీకు కలిసొస్తాయి. క్రైస్తవ సమాధుల్లో కాళ్ళు తూర్పుకు ఉంచే ఆనవాయితీ వల్ల రాతి ముఖాలు ఎక్కువగా తూర్పుకో పడమటికో ఉంటాయి. జూలైలో అక్కడ సూర్యుడు దక్షిణ రేఖ దాటేది గడియారంలో మధ్యాహ్నం 1:10 ప్రాంతంలో. దానికి ముందు అరగంటలో వెలుతురు తూర్పు ముఖం మీద ఒరుసుకుంటూ జారుతుంది, పొద్దున చదునుగా కనిపించిన రాయి మీద పేరు, తేదీ తేలుతాయి. పన్నెండుకు చేరి ఒకటిన్నర దాకా ఉంటే టిన్‌కప్‌కు అదే సరైన వేళ. మబ్బు పడితే టార్చి పక్క నుంచి వేసి గొడుగు నీడ పట్టండి. ఎండ ఉండీ రాయి చెట్టు నీడలో ఉంటే, అడుగున్నర ఎత్తు అద్దం ఒకటి ఎండలో నిలబెట్టి వెలుతురు మళ్ళించండి. ఐరన్ సిటీలో చెట్లు ఎక్కువ, అద్దం అక్కడే పనికొస్తుంది.

టిన్‌కప్ సమాధులు ఊరికి దక్షిణాన ఉంటాయి. నాలుగు గుట్టలకు నాలుగు వాడకాలు: కాథలిక్కులకు ఒకటి, ప్రొటెస్టెంట్లకు ఒకటి, యూదులకు ఒకటి, బూట్ హిల్ ఒకటి. బూట్లతో పోయినవాళ్ళు, అంటే తుపాకీకి, తగాదాకి పోయినవాళ్ళు, దిక్కులేనివాళ్ళు నాలుగోదానికి. ఈ ఊళ్ళో 1882లో ఒకరు, 1883లో ఒకరు మార్షళ్ళు కాల్పుల్లో చనిపోయారు కాబట్టి ఆ గుట్ట ఊరికే రాలేదు. మంచు కరిగే రోజుల్లో గుట్టల మధ్య పల్లం చిత్తడిగా ఉంటుంది, పెద్దవాళ్ళకు మడమ పైకి వచ్చే బూట్లు వేయించండి. దోమలు కూడా గట్టివే.

రాళ్ళ మీద ఏం చూడాలంటే, మూడు గొలుసు కడియాలు ఉంటే ఆడ్ ఫెలోస్ సంఘం. మూలమట్టం, వృత్తలేఖిని కలిసి ఉంటే ఫ్రీమేసన్ల సంఘం. నరికిన చెట్టు మొద్దు ఆకారం ఉంటే, చాలాసార్లు అది వుడ్‌మెన్ ఆఫ్ ది వరల్డ్ సభ్యుడిది. ఆ సంఘం 1890లో పుట్టింది కాబట్టి వాళ్ళ రాయైతే అంతకు ముందుది కాదని తేల్చుకోవచ్చు. గని ఊళ్ళలో ఈ గుర్తులు ఎందుకిన్ని అంటే, కుటుంబం ఎక్కడో దూరాన ఉండేది, పోతే పాతిపెట్టి రాయి పెట్టేది సంఘమే. నెలనెలా చందా కట్టింది అందుకే. పడుకున్న గొర్రెపిల్ల బొమ్మ చిన్నపిల్లలది. నీలి బూడిద రంగులో, అక్షరాలు నిన్న చెక్కినట్టుండే స్తంభం కనిపిస్తే అది రాయి కాదు, పోత పోసిన జింకు, లోపల బోలు. కనెక్టికట్‌లోని బ్రిడ్జిపోర్ట్‌లో 1874 నుంచి 1914 దాకా చేశారు. వేలి గోటితో తడితే డబ్బా మోత మోగుతుంది. గట్టిగా కొట్టకండి, చలికి పెళుసుగా ఉంటుంది.

రాయి ఉన్నవి తక్కువ, లేనివి ఎక్కువ. చాలామందికి పెట్టింది చెక్క పలకే, దాని మీది రంగు ముందు పోతుంది, తర్వాత పలక. మిగిలేది ఆరడుగుల పొడవు పల్లం, చుట్టూ కొన్ని రాళ్ళు, ఒక్కోసారి కూలిన చెక్క కంచె. లోపలి పెట్టె కుళ్ళి పై మట్టి దిగిన చోటు అది. అడుగు వేయకండి, గౌరవం సంగతి అటుంచి కాలు దిగబడుతుంది. కూలిన కంచె చెక్కను, మేకును కూడా "సర్ది పెడదాం" అని కదపవద్దు. ఏ పలక ఏ పల్లానిదో చెప్పే ఆధారం అదొక్కటే. ఫెడరల్ భూమిలో వందేళ్ళు దాటిన పురావస్తువుల్ని తీసుకుపోతే 1979 నాటి పురావస్తు వనరుల రక్షణ చట్టం కింద కేసు అవుతుంది. సెయింట్ ఎల్మో ఇళ్ళు మాత్రం చాలావరకు ప్రైవేటు ఆస్తి, రోడ్డు మీద నుంచే చూడాలి.

దారి పక్క గని నోళ్ళు కనిపిస్తాయి, లోపలికి తొంగి కూడా చూడవద్దు. కొలరాడోలో వదిలేసిన గనులు సుమారు 23,000 అని రాష్ట్రం లెక్క. లోపల గాలిలో ప్రాణవాయువు తగ్గిపోయి ఉంటుంది, వాసన రాదు, మనిషికి తెలిసేలోపే మోకాళ్ళు మడుస్తాయి. గనుల నుంచి నారింజ రంగు నీళ్ళు పారుతుంటే ఫిల్టర్ పెట్టి కూడా తాగొద్దు. మామూలు ఫిల్టర్ క్రిముల్ని ఆపుతుంది, కరిగిన జింకు, కాడ్మియంలను కాదు.

లెడ్‌విల్ వేరే రోజు పెట్టుకోమన్న మాటకు నాదీ ఓటు. ఎవర్‌గ్రీన్‌లో కాథలిక్కుల ఉచిత భాగంలో 1,300కు పైగా మనుషులు పేరు లేకుండా ఉన్నారు, ఎక్కువమంది ఐర్లండ్ నుంచి వచ్చిన గని కూలీలు, వాళ్ళ పిల్లలు. చెట్ల మధ్య వరుసల్లో పల్లాలు తప్ప ఏమీ ఉండదు. ఇప్పుడు అక్కడ పేర్లతో స్మారకం కట్టారు. పక్కనే యూదుల భాగం చక్కగా బాగుచేసి ఉంది. రాళ్ళ మీద చిన్న గులకరాళ్ళు కనిపిస్తే తీసేయకండి, వచ్చివెళ్ళినవాళ్ళు పెట్టినవి.

గుట్టదిగువ:

చాలా థాంక్స్ అండీ ముగ్గురికీ. సుబారును కాటన్‌వుడ్ మీదుగా పంపేస్తాం, లెడ్‌విల్ ఆదివారానికి మార్చేశాం. రెండు సందేహాలు మిగిలాయి. పెద్దవాళ్ళకు ఈ ఎత్తు ఇబ్బందా? పాస్ మీద ఉండగా ఉరుము వినిపిస్తే బండిలో ఉండటం చాలా, కిందికి పరుగెత్తాలా?

దుమ్ముదారి:

ముందు రాత్రి బ్యూనా విస్టాలోనే పడుకోండి, అది 8,000 అడుగులకు కొద్దిగా తక్కువ. ఎత్తు జబ్బు తలనొప్పి, వాంతులు మామూలుగా ఎక్కిన 6 నుంచి 12 గంటలకు మొదలవుతాయి. పగలు కొన్ని గంటలు పైకి వెళ్ళి దిగివస్తే ఎక్కువమందికి ఆయాసంతోనే సరిపోతుంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బుకు మందులు వాడుతుంటే డాక్టర్‌ను ముందే అడగాలి. ఎవరైనా తడబడుతూ నడిచినా, మాట తేడాగా ఉన్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా ఫొటోలు పక్కన పెట్టి దిగిపోండి. సుబారు వాళ్ళు కాటన్‌వుడ్ మీద కూడా 12,100 అడుగులు దాటుతారు, తారు రోడ్డే కదా అని మరచిపోవద్దు.

ఉరుముకు: మెరుపు కనిపించాక 30 లెక్కపెట్టేలోపు ఉరిమితే బయట ఉండకూడదు. ఇనుప పైకప్పున్న బండి లోపల, అద్దాలు ఎత్తి, తలుపు ఇనుము తాకకుండా కూర్చుంటే చాలు. పరుగెత్తి దిగనక్కరలేదు, తడి రాళ్ళ మీద తొందరపడటమే ఎక్కువ ప్రమాదం. గుడ్డ పైకప్పు జీపుకు ఈ మాట వర్తించదు.

నాలుగుచక్రాలు:

ఒకటి మరిచాను. పాస్ మీద సుబారు వాళ్ళతో మాట్లాడే దారి ఉండదు. టిన్‌కప్‌లో కలిసే టైము, ఎంతసేపు చూడాలి, రాకపోతే ఎవరు ఎక్కడికి వెళ్ళాలి అన్నది సెయింట్ ఎల్మోలోనే కాగితం మీద రాసుకోండి. రెండు గంటలకూ 4రన్నర్ రాకపోతే సుబారు మిర్రర్ లేక్ వైపు ఎక్కకూడదు. టేలర్ పార్క్ దిగి సిగ్నల్ లేదా ల్యాండ్ ఫోన్ దొరికిన చోట కబురు పెట్టాలి. శాటిలైట్ మెసెంజర్ ఒక్కటే ఉంటే అది 4రన్నర్‌లో.